'ఉప్పుగాలి' మూడో రీలు

బుడై
1991 మే 12. ఉదయం ఎండ, మధ్యాహ్నం నుంచి గాలి. తెరగుడ్డ ఉతికి ఆరేశాను.

వదినగారికి,

బెంగ్సాన్ రాస్తున్నాను. నేను బాగున్నాను. పోయిన నెల ఆకిమ్ సమాధి దగ్గర గడ్డి పీకి, మీరు పంపిన ఎండుచేపలు పెట్టాను. మీ చెల్లెలికి అవంటే ఇష్టం కాబట్టి మిగిలినవి కూడా ఇంటికి తేకుండా అక్కడే వదిలేశాను.

అసలు సంగతి. నిన్న మా ఓంగ్యా స్వామి గుడిలో ఆయన పుట్టినరోజుకి వేసే సినిమా ఎంపిక జరిగింది. గుడిపెద్ద బూన్‌లియోంగ్ ఒక్కో సినిమా పేరు చదివి, స్వామి మాట చెప్పే జంట చెక్కలు వేశాడు. హాంకాంగ్ కత్తియుద్ధం సినిమాకి రెండు చెక్కలూ బోర్లా పడ్డాయి. స్వామి వద్దన్నాడు. పోయినేడాది జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్విన సైనికుల సినిమాకి రెండూ వెల్లకిలా. స్వామి కూడా నవ్వాడు గాని సరేననలేదు. చివర్న 'ఉప్పుగాలి' అని చదివితే ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా, సరేనన్నాడు. మళ్ళీ వేస్తే అదే. మూడోసారీ అదే. ఇక మార్చడానికి లేదు.

మీరు పాడిన 'ఉప్పుగాలి'యే. తెర మీద పెదవులు కదిపింది సువాత్‌హున్, గొంతు మీది. ఈ సంగతి పెళ్ళైన కొత్తలో ఆకిమ్ నాతో అంది. నేను ఎవరితోనూ అనలేదు.

ప్రింటు నా దగ్గరే ఉంది. సినిమా కంపెనీ మూతపడ్డాక వెనక్కి తీసుకునేవాళ్ళు లేక ఉండిపోయింది. నిన్న వేసి చూశాను. బొమ్మ బాగుంది. మాటలు వినిపిస్తున్నాయి. మూడో రీల్లో పాట వచ్చే చోట మాత్రం శబ్దం లేదు. అంచున ఉండే శబ్దపు గీత పూర్తిగా అరిగిపోయింది. ఆ పాటకి గ్రామఫోను రికార్డు రాలేదు కదా. అంటే అది ఇప్పుడు మీ దగ్గర తప్ప ఎక్కడా లేదు.

పండగ జూలై 29న. మీరు వచ్చి పాడాలి.

బెంగ్సాన్


కీలుంగ్
మే 20. నీలాగే మొదలుపెడదామని చూస్తున్నాను: వాన. నిన్నా వానే. చేపముద్ద దంచాను.

మాటల పొదుపు మరిదికి,

ఆకిమ్ పోయాక నాలుగేళ్ళలో నువ్వు రాసిన ఉత్తరాలన్నీ కలిపినా ఇంత పొడుగు లేవు. ఒకటికి రెండుసార్లు చదివాను. రెండోసారి చదివితే నవ్వొచ్చింది. "మీరు వచ్చి పాడాలి" అట. తెరగుడ్డ ఆరేసినట్టే నన్నూ ఆరేద్దామనుకుంటున్నావా?

రాను. దుకాణం ఎవరు చూస్తారు? నా చేపల ఉండల పులుసు కోసం రేవు కూలీలు తెల్లారకముందే వచ్చి కూర్చుంటారు. పైగా గొంతేముంది? అప్పట్లో గాజుగిన్నె మీద చెంచాతో కొట్టినట్టు ఉండేది. ఇప్పుడు వానాకాలం కప్ప. పక్క కొట్టు రొయ్యలావిడని అడుగు, చెబుతుంది. నేను చేపముద్ద దంచుతూ కూనిరాగం తీస్తే "అదిగో, రేడియో పెట్టింది, కొలతలు తప్పుతాయి" అంటుంది.

పాటలకేం కరువొచ్చిందయ్యా? ఈ కొట్టు ముందునుంచి ఎన్ని సినిమా పాటలు నడిచి వెళ్ళాయో. మా వయసులో జపాను బాణీకి మన మాటలు తొడిగిన ఏడుపు పాటలు. తర్వాత డబ్బున్నవాళ్ళ ప్రేమకథలొచ్చాయి; అందులో పిల్ల సముద్రం ఒడ్డున జుట్టు ఎగరేసుకుంటూ మాండరిన్‌లో పాడేది. అప్పుడు ప్రభుత్వం రూలు ప్రకారం టీవీలో మన భాష పాటలు రోజుకి రెండంటే రెండు. ఆ రెండూ అయ్యేదాకా రేవులో బరువు దించేవాళ్ళు కాదు. ఆ తర్వాత క్యాసెట్లు. ఇప్పుడు ప్రతివాడి చేతిలో మైకు, ప్రతి సందులో కరోకే పాట గది. వాటిలోంచి ఏదో ఒకటి ఏరుకుని మీ స్వామికి వినిపించు.

ఇంకో మాట. జాబితాలో ఆ పేరు రాసిందెవరు? స్వామి చదివినదానికే కదా జవాబిస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ గుర్తులేని సినిమా బూన్‌లియోంగ్ కలలోకి వచ్చిందా?

నీ వదిన
సియూలువాన్


బుడై
జూన్ 2. రాత్రి కురిసి తెల్లారి వెలిసింది. ప్రొజెక్టర్‌కి నూనె పెట్టాను.

వదినగారికి,

పేరు రాసింది నేను. చెక్కలు వేసింది బూన్‌లియోంగ్. ఒప్పుకుంది స్వామి.

ఆ మూడో రీలు సంగతి ఇంకొంచెం రాయాలి. మీరు హాళ్ళలో పాడారు గాని ఊళ్ళు తిరగలేదు. నేను తిరిగాను. ఉప్పుమడుల ఊళ్ళలో గుడి ముందు ఈ సినిమా వేస్తే, మూడో రీల్లో పిల్ల గంప నెత్తినెత్తుకునే చోటికి రాగానే జనం వేరుశనక్కాయల పొట్లాలు మడిచి ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు. పాట అయ్యాక ఎవరో ఒకరు "ఇంకోసారి" అనేవాళ్ళు. రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేయక తప్పేది కాదు. వేయకపోతే తెర గుంజలు ఊపేవాళ్ళు. అన్ని దశాబ్దాల సినిమాలూ వేశాను. ఏ పెట్టె తెరిచినా ఎక్కువ గీతలు పడ్డది పాట రీలే. ఇది మాత్రం గీతలతో ఆగలేదు. పూర్తిగా అయిపోయింది. పాడైపోయిందని మొదట అనుకున్నాను. పాడవలేదు. అడిగి అడిగి వినేశారు.

నిన్న బూన్‌లియోంగ్‌కి వేసి చూపించాను. సువాత్‌హున్ నోరు తెరిచింది. ప్రొజెక్టర్ టకటక తప్ప ఏమీ లేదు.

"ఏంట్రా ఇది, చేప గాలి మింగినట్టుంది" అన్నాడు.

"పాట పోయింది."

"పోతే పోయింది. మా కోడలు ఉందిగా. పాట గదిలో తొంభై మార్కులు తెచ్చుకుంటుంది. మైకు ఇచ్చి నిలబెడదాం. పాట ఏదైతేనేం, పెదాలు కదులుతున్నాయిగా."

స్వామి అడిగింది ఆ పాట ఉన్న సినిమా అని చెప్పాను. కోడలు ఎర్ర గౌను కొనుక్కుందని అతను చెప్పాడు. మీరు రాకపోతే ఆ పిల్లే పాడుతుంది.

మీకు గొంతు ఉంది. ఆకిమ్ మిమ్మల్ని చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ తిరిగొచ్చి చెప్పేది: అక్క తెల్లవారుజామున దంచుతూ పాడుతుంది, కిటికీ కింద కూలీలు అరవకుండా నిలబడతారు అని. దుకాణానికి రెండు రోజులు సెలవు పెట్టొచ్చు. కాబట్టి మీరు రాననడానికి కారణం ఇంకేదో ఉంది. అది రాయలేదు.

బెంగ్సాన్


కీలుంగ్
జూన్ 14.

మరిదికి,

ముందుగా: ఎర్ర గౌను పిల్లని నా పాట జోలికి రానివ్వకు. తొంభై మార్కులు వేసింది యంత్రం. యంత్రానికి ఉప్పుమడి తెలుసా, ఎండలో గంప మోసిన మెడ తెలుసా?

ఇక కారణం. ఆకిమ్‌కి కూడా చెప్పలేదు.

సినిమా విడుదలయ్యాక హాలు హాలుకీ మమ్మల్ని తీసుకెళ్ళేవాళ్ళు. ఆట మధ్యలో తెర పైకెత్తి హీరోయిన్‌ని వేదిక మీద నిలబెట్టేవాళ్ళు. జనం పాట అడిగేవాళ్ళు. సువాత్‌హున్ పట్టు గౌనులో ముందు, నేను చెప్పులు విప్పి నల్ల పరదా వెనక. ఆమె భుజం పైకి లేస్తే నేను ఊపిరి తీసుకోవాలి. ఎక్కడా తప్పలేదు. తైనాన్‌లో ఒకాయన పూలదండ విసిరితే పరదా మీదుగా వచ్చి నా నెత్తిన పడింది. సువాత్‌హున్ లోపలికి వచ్చి చూసి ఎంత నవ్విందో. దండ సగానికి తెంపి చెరో ముక్కా మెళ్ళో వేసుకున్నాం.

చెడ్డ పిల్ల కాదు. ఇంట్లో తల్లి, ముగ్గురు తమ్ముళ్ళు, అందరూ ఆమె మీదే. ఒకసారి ఇక్కడ మా అమ్మవారి గుడికి తీసుకెళ్ళి నా చేతిలో అగరొత్తులు పెట్టింది. "అక్కా, ఈ పాట పాడుతూ నువ్వెప్పుడూ తెర ముందుకి రావద్దు. ఒక్కసారి వచ్చావా, రేపటినుంచి నన్ను పిలిచేవాడుండడు" అంది. నేను అమ్మవారి ముందు మాటిచ్చాను. తెర ముందుకి రాను, అంతే. ఆ మాట మీదే పెళ్ళి విందుల్లో పిలిచినా పాడలేదు.

ఆమె జపాను వెళ్ళి స్థిరపడింది. పోయిన ఏడాది చలికాలంలో పోయిందని కబురొచ్చింది. ఆమె పోయింది కదా అని మాట పోతుందా? నాకు ఆ పాట మళ్ళీ పాడాలని ఎంత ఉందో నీకు చెప్పను. చెప్పినా నువ్వు వాతావరణం కింద రాసుకుంటావు. నేను చచ్చేలోపు ఒక్కసారి ఆ పిల్ల పెదవులకి నా గొంతు తగిలించాలని ఉంది. కాని ముందుకి రాలేను.

అప్పట్లోలాగే తెర వెనక నిలబెడితే వస్తాను. వెనకే. ముందుకి ఒక్క అడుగు కూడా వేయను. నా పేరు మైకులో చెప్పకూడదు. ఒప్పుకుంటే రాయి.

సియూలువాన్


బుడై
జూన్ 23. ఎండ. వెదురు గుంజలు బయటికి తీసి పగుళ్ళు చూశాను. రెండు మార్చాలి.

వదినగారికి,

ఒప్పుకున్నాను. తెర వెనకే. పేరు చెప్పరు.

తెర ఎప్పటిలాగే స్వామి గుమ్మానికి ఎదురుగా కడతాను. ప్రొజెక్టర్ గుమ్మం పక్కన. ముందు ఆవరణలో నైవేద్యం బల్లలు పడతాయి. జనం ఎప్పటిలాగే రేవు వైపు కూర్చుంటారు. వాద్యాలు లేవు. మైకు గుంజకి కట్టి ఉంటుంది. మూడో రీలు ఎక్కించేటప్పుడు కాసేపు చీకటి ఉంటుంది. అప్పుడు బూన్‌లియోంగ్ మిమ్మల్ని సందులోంచి తెర దగ్గరికి తెస్తాడు. కోడలి విషయంలో అతను కొంచెం అలిగాడు. ఆ పిల్ల అలగలేదు.

గొడుగు తెచ్చుకోండి. పుట్టినరోజున వాన పడటం మా స్వామికి అలవాటు.

బెంగ్సాన్


కీలుంగ్
ఆగస్టు 3. ఎండ. నమ్ము.

దొంగ మరిదికి,

ముప్పయ్యో తేదీ తెల్లవారుతూనే నీకు చెప్పకుండా బస్సెక్కాను. కోపం వచ్చి. ఇంటికొచ్చి నీ ఉత్తరం తీసి చూశాను. రాశావు, నిజమే. "జనం ఎప్పటిలాగే రేవు వైపు కూర్చుంటారు." గుంజల పగుళ్ళకీ గొడుగుకీ మధ్య, గిన్నెడు పాయసంలో ఒక్క జీడిపప్పు దాచినట్టు. నేను పట్నం దాన్ని. నాకు తెలిసిన తెరలన్నిటి వెనకా గోడ ఉంది. మీ ఊళ్ళో తెర ముందు భాగం దేవుడిదనీ, వెనక భాగం ఊరిదనీ నాకెలా తెలుస్తుంది?

నువ్వు గుమ్మం పక్కన ప్రొజెక్టర్ దగ్గర ఉన్నావు. నా వైపు ఏం జరిగిందో నీకు కనిపించలేదు. బస్టాండుకి పరిగెత్తుకొచ్చిన బూన్‌లియోంగ్ "బెంగ్సాన్ మీ వైపు ఏం జరిగిందో రాయమన్నాడమ్మా" అని చెప్పాడు. అందుకే రాస్తున్నాను. లేకపోతే రాసేదాన్ని కాదు.

మీ ఇంటి వెనక గదిలో కూర్చున్నాను. తలకి గుడ్డ చుట్టుకున్నాను. రెండో రీలు అయిపోయి చీకటి పడగానే బూన్‌లియోంగ్ వచ్చి "పదండి వదినగారూ" అన్నాడు. నువ్వు అనే పిలుపే అతనూ అందుకున్నాడు, మీ ఊళ్ళో నాకు ఎంతమంది మరుదులో. సందు దాటేసరికి కాళ్ళ కింద ఆలిచిప్పల పెంకులు. ఎదురుగా గుడ్డ, గుంజ, మైకు. నేను తల ఎత్తలేదు. వెనక ఎవరో దగ్గినట్టు అనిపించింది. గుడి వాళ్ళు కాబోలనుకున్నాను.

అప్పుడు నువ్వు వెలుగు వేశావు. గుడ్డ నిండా సువాత్‌హున్. నా ముఖానికి ఆమె ముఖం ఇంత దగ్గరలో. అద్దంలోలాగా కుడి ఎడమైంది, పుట్టుమచ్చ ఇటు వచ్చింది. అయినా భుజం అదే. గంప ఎత్తుకుంది, భుజం లేచింది, నేను ఊపిరి తీశాను.

"గాలీ, నువ్వు ముందు వెళ్ళు,
గంప దించి నేను వస్తా."

మొదటి మాట కొంచెం గీసుకుంది. రెండో మాటకి దారిలో పడింది. నీ ప్రొజెక్టర్ టకటకే తాళం అనుకున్నాను. తర్వాతి చరణంలో స్వరం ఎక్కే చోట భయపడ్డాను; ఇరవై రెండేళ్ళప్పుడు కూడా అక్కడ భయపడేదాన్ని. ఎక్కింది. గాజుగిన్నె కాదులే. కాస్త పెద్ద పాత్ర. కాని మోగింది. చివర ఆమె కళ్ళు దించింది, నేను ఆపేశాను. ఇద్దరం ఒకేసారి.

చప్పుడు లేదు. ముందు వైపు నుంచి చప్పట్లు వస్తాయని గుడ్డకేసి చెవి పెట్టాను. ఏమీ లేదు. పాడు చేశాననుకున్నాను.

అప్పుడు నా వీపు వెనక, ఇంత దగ్గరలో, ఒక ముసలి గొంతు: "ఇంకోసారి."

తిరిగి చూశాను. మరిదీ, ఊరంతా అక్కడే ఉంది. వెదురు బల్లల మీద, పీటల మీద, బోర్లించిన గంపల మీద. రేవు గోడ మీద వరసగా. పడవల్లో నిలబడి. ముందు వరసలో ఆలిచిప్పలు ఒలిచే ఆడవాళ్ళు, వేరుశనక్కాయల పొట్లాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని. గుడ్డ వెలుగు వాళ్ళ ముఖాల మీద పడుతోంది. అందరూ నన్నే చూస్తున్నారు.

నేను మొదట అన్న మాట ఏంటో తెలుసా? "నేను ముందుకి రాలేదు."

ముసలావిడ అంది: "రాలేదమ్మా. వెనకే ఉన్నావు. మేమూ వెనకే ఉన్నాం. ఎప్పుడూ ఇక్కడే ఉంటాం."

పక్కావిడ: "నేను అప్పట్లోనే చెప్పానా లేదా? ఆ బొమ్మలో పిల్లకి మెడ కదలదు. మెడ కదలకుండా ఎవరు పాడతారే?"

"నువ్వు చెప్పలేదు, నేను చెప్పాను."

"నువ్వు చెప్పింది పళ్ళ గురించి."

వాళ్ళలో వాళ్ళు మొదలుపెట్టారు. ఇంతలో ఎర్ర గౌను పిల్ల లేచి నాకు నీళ్ళ గ్లాసు ఇచ్చింది. "పెద్దమ్మా, ఇంకోసారి పాడండి, నేను వెనక గంపల మీద కూర్చున్నాను, సరిగ్గా వినపడలేదు" అంది. గౌను బాగుంది. దానికి నప్పింది.

అప్పటికే గోడ మీద వాళ్ళు "ఇంకోసారి" అంటున్నారు, పడవల వాళ్ళు తెడ్లతో కొడుతున్నారు, ఎవరో గుంజ పట్టుకుని ఊపుతున్నారు. వెలుగు ఆరిపోయింది. ఆ చీకట్లో గుడి వైపు నుంచి రీలు వెనక్కి తిరిగే చప్పుడు విన్నాను. ఎవరూ నీకు చెప్పలేదు. నువ్వే తిప్పావు.

రెండోసారి నేను గుడ్డకేసి తిరగలేదు. జనం వైపు తిరిగే నిలబడ్డాను. పెదవులు చూడక్కర్లేదనిపించింది. సువాత్‌హున్ నా వెనక, అంత పెద్దగా, నేను ఆమె కింద. ముసలావిడ తర్వాత చెప్పింది, ఇద్దరం ఒకేసారి ఊపిరి తీశామట. పరదా ముందు ఒకరు, వెనక ఒకరుగా ఏడాది తిరిగాం. ఒకే వైపు నుంచి ఇద్దరం కలిసి కనిపించడం ఇదే మొదలు. ఈ మాట రాస్తుంటే నవ్వొస్తోంది, ఏడుపు కాదు. నువ్వు తప్పు అర్థం చేసుకోకు.

వాన ఎప్పుడు మొదలైందో తెలియదు. గొడుగు మీ ఇంట్లోనే ఉంది. ఎవరూ లేవలేదు.

కోపం ఎందుకంటే, భయమేసింది. మాట తప్పానేమోనని. అందుకే తెల్లారి పారిపోయాను. నిన్న అమ్మవారి దగ్గరికి వెళ్ళి అడిగాను: "తెర ముందుకి రాలేదు తల్లీ, వెనకే ఉన్నాను, జనమే వెనకున్నారు. నా మాట ఉందా, పోయిందా?" చెక్కలు వేశాను. రెండూ వెల్లకిలా. నవ్వింది. మళ్ళీ వేశాను. మళ్ళీ నవ్వింది. పక్కన అగరొత్తులమ్మే ఆయన "ఏం అడిగావమ్మా, అమ్మవారికి అంత నవ్వొచ్చింది?" అన్నాడు. మూడోసారి ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. ఉంది, నా మాట ఉంది. మొదట సువాత్‌హున్ పేరున అగరొత్తులు వెలిగించి, తర్వాత పూలదండ ఒకటి కొని, సగానికి తెంపి, ఒక ముక్క అక్కడ వదిలి, ఒక ముక్క మెళ్ళో వేసుకుని రేవు వీధి అంతా నడిచి వచ్చాను. రొయ్యలావిడ "ఎవరి పెళ్ళి?" అంది. "నాదే" అన్నాను. వెర్రెత్తిందనుకుంది.

నువ్వు కావాలనే చేశావా? నిజం రాయి. రెండు వాక్యాలకి మించి.

నీ వదిన
సియూలువాన్


బుడై
ఆగస్టు 11. ఉదయం నుంచి ఎండ. తుపాను అటు తిరిగిందని రేడియోలో చెప్పారు. మూడో రీలు శుభ్రం చేసి డబ్బాలో పెట్టాను.

వదినగారికి,

నేను నలభై ఏళ్ళుగా తెర అలాగే కడుతున్నాను. మీరు వెనక అన్నారు, వెనక అని రాశాను. వెనక ఎవరుంటారో కూడా రాశాను. రెండు వాక్యాలకి మించి రాయమన్నారు కాబట్టి ఇంకొకటి: మీరు చదివి కూడా గమనించకూడదని అనుకున్నాను.

నా వైపు జరిగింది మీకు తెలియదు. ముందు ఆవరణలో బల్లలు, పళ్ళు, పంది తల, స్వామి. మనుషుల్లో నేనొక్కణ్ణే. పాట గుడ్డలోంచి వచ్చింది. ఇన్నేళ్ళూ స్పీకర్లోంచి విన్నాను. మనిషిలోంచి వస్తే ఎలా ఉంటుందో తెలియదు. రీలు చూసుకోవాల్సింది, చూసుకోలేదు. ఆకిమ్ ఉంటే నా వైపు కూర్చునేది కాదు. రేవు వైపు, ముందు వరసలో ఉండేది. "ఇంకోసారి" తనే ముందు అనేది.

బూన్‌లియోంగ్ అలక తీరింది. ఇప్పుడు ఊళ్ళో అందరికీ ఆ పాట తనే ఎంపిక చేశానని చెబుతున్నాడు. నిన్న పొరుగూరి గుడివాళ్ళు వచ్చారు. వచ్చే నెల వాళ్ళ స్వామి పుట్టినరోజు. ఎంపికలో కొత్త సినిమాలన్నీ చదివారట. అన్నిటికీ బోర్లా. చివర్న 'ఉప్పుగాలి' అంటే మూడుసార్లు సరే. జాబితా ఈసారి వాళ్ళే రాసుకున్నారు. నాకు సంబంధం లేదు. అక్కడ కూడా తెర స్వామికి ఎదురుగానే కట్టాలి. అక్కడ వెనక వైపు మన ఊరికంటే వెడల్పు. ఆ తర్వాత ఉత్తరాన ఇంకో రెండు గుళ్ళవాళ్ళు అడుగుతున్నారు. మీ దుకాణం సంగతి చూసుకుని రాయండి. రానంటే ఎర్ర గౌను సిద్ధంగా ఉంది.

ఆ పిల్ల రోజూ వచ్చి నేర్పమంటోంది. నాకు రాదన్నాను. మా సందులో ఆలిచిప్పలు ఒలిచే ఆడవాళ్ళు కూడా అదే పాడుతున్నారు. ఇప్పుడూ పాడుతున్నారు, కిటికీలోంచి వినిపిస్తోంది. మొదటి పాదం బాగానే ఉంది. రెండో పాదంలో "గంప దించి" దగ్గర ఊపిరి ముందే తీసుకుంటున్నారు. ఒకావిడ కాదంటోంది, ఇంకొకావిడ మెడ పట్టి చూపిస్తోంది. మీరు వచ్చి దిద్దాలి.

వాన మరకలు పోవాలని తెరగుడ్డ పొద్దున్నే నానబెట్టాను. ఉతికి ఆరేసి, ఈ ఉత్తరం పోస్టు చేయాలి.

బెంగ్సాన్